ఒక్క ఆటగాడు, నాలుగు స్థానాలు: రగ్బీ లీగ్ పాత పోటీల చందా సేవపై సమీక్ష

రగ్బీ లీగ్ పాత పోటీలను మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చూపిస్తామని చెప్పే ఒక చందా ప్రసార సేవను కొంతకాలంగా వాడుతున్నాను. ఇటువంటి సేవల మీద వచ్చే సమీక్షల్లో బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, ప్రత్యక్ష ప్రసారం ఎంత ఆలస్యంగా అందుతోంది, నెలకు ఎంత వసూలు చేస్తున్నారు అన్న విషయాలే ఎక్కువగా కనిపిస్తాయి. అవి తెలుసుకోవలసినవే గాని, పాత ఆటలను భద్రపరిచామని చెప్పుకునే సేవకు అసలు పరీక్ష వేరే ఉందని నా అభిప్రాయం. ఒక ఆటగాడి వృత్తి జీవితాన్ని తొలి సీజన్ నుంచి చివరి సీజన్ వరకు అందులో వరుసగా చూసుకుంటూ వెళ్ళగలమా, చూసిన తరువాత అతడు ఎటువంటి ఆటగాడో మనకు నిజంగా అర్థమవుతుందా అన్నదే ఆ పరీక్ష. నేను అందుకు న్యూజీలాండ్ ఆటగాడు లాన్స్ హోహాయాను ఎంచుకున్నాను. ఇక్కడ చెప్పబోయే లోపాలు నేను చూసినవి, నా వరకు ఎదురైనవి కాబట్టి సేవ పేరు రాయడం లేదు. అయితే ఇలాంటి ఏ సేవకైనా చందా కట్టే ముందు ఏమేం చూసుకోవాలో ఈ వివరాలను బట్టి తెలుస్తుంది.

హోహాయానే ఎందుకంటే, పేరుమోసిన తారల విషయంలో ఏ సేవైనా సులువుగా నెగ్గుతుంది. ట్రైలు (బంతిని ఎదుటి గోల్ గీత అవతల నేలకు ఆనించడం) చేసేవాడి ట్రైలను, గోల్స్ కొట్టేవాడి గోల్స్‌ను ఏరి కూర్చడం కష్టం కాదు. ఫుల్‌బ్యాక్, స్టాండ్‌ఆఫ్, హాఫ్‌బ్యాక్, హుకర్ స్థానాల్లో జట్టుకు ఏ రోజు ఏది ఖాళీ అయితే ఆ రోజు అది ఆడిన మనిషి దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. అటువంటి ఆటగాడిని యుటిలిటీ అంటారు. క్రికెట్‌లో ఆల్‌రౌండర్‌కు పరుగులు, వికెట్లు రెండూ లెక్కలో పడతాయి గనుక అతడి గొప్పతనం అంకెల్లోనే కనిపిస్తుంది. రగ్బీ లీగ్‌లో యుటిలిటీ చేసే మేలు చాలావరకు ఏ పట్టికలోనూ చేరదు. జట్టులో ఒక కీలక ఆటగాడు గాయపడి బయటికి వెళ్ళినా పది నిమిషాల తరువాత చూసేవారికి ఆ లోటు తెలియకపోవడమే అతడి పనితనం. లోటు తెలియకుండా చేసిన పనిని చూపించాలంటే ఆటను ముక్కలు చేయకుండా మొత్తంగా చూపించాలి. ఈ సేవ ఆ పని ఎంతవరకు చేస్తోందన్నదే నా సమీక్ష.

ఆట తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. 1895లో ఉత్తర ఇంగ్లాండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో కొన్ని క్లబ్బులు రగ్బీ యూనియన్ నుంచి విడిపోయి వేరుకుంపటి పెట్టుకున్నప్పుడు పుట్టిన శాఖ రగ్బీ లీగ్. జట్టుకు పదమూడు మంది, హోహాయా కాలంలో బెంచీ మీద నలుగురు, ఆట 80 నిమిషాలు. బంతి చేతికి వచ్చిన జట్టుకు ఆరు టాకిల్స్ (బంతి ఉన్నవాడిని ఎదుటివారు పట్టి ఆపడం) మాత్రమే దక్కుతాయి, ఆ లోపల ట్రై చేయాలి లేదా బంతిని తన్ని దూరంగా పంపాలి. ట్రైకి 4 పాయింట్లు, దాని తరువాత గోల్ స్తంభాల మధ్యకు బంతిని తన్నే కన్వర్షన్‌కు 2, పెనాల్టీ గోల్‌కు 2. పట్టుబడిన ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించగానే అక్కడ వంగి దాన్ని అందుకునేవాడు డమ్మీ హాఫ్, సాధారణంగా ఆ పని హుకర్‌ది. అందరికంటే వెనక నిలబడి తన్నిన బంతులను పట్టుకుంటూ, ముందున్న రక్షణ వరుసను కేకలతో సర్దేవాడు ఫుల్‌బ్యాక్. మైదానంలో ఈ రెండు స్థానాలకూ ఉన్నంత దూరం మరే రెండింటికీ లేదు. ఒకటి ప్రతి టాకిల్ ఇరుకులోనూ ఉండే పని, మరొకటి ఆటనంతటినీ దూరం నుంచి చదివే పని. హోహాయా ఆ రెండింటినీ అత్యున్నత స్థాయిలో చేశాడు.

అతడు 2002లో న్యూజీలాండ్ వారియర్స్ తరఫున ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ క్లబ్బుల అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టి, అదే ఏడాది జాతీయ జట్టుకూ ఆడాడు. 2011 వరకు ఆ ఒక్క క్లబ్బులోనే ఉన్నాడు. వారియర్స్ చరిత్రలో ఇప్పటివరకు ఉన్న రెండు గ్రాండ్ ఫైనల్స్ (సీజన్ విజేతను తేల్చే ఆటలు) సరిగ్గా అతడు వచ్చిన ఏడాది, అతడు వెళ్ళిన ఏడాది జరిగాయి. 2002లో సిడ్నీ రూస్టర్స్ చేతిలో 30–8తో, 2011లో మాన్లీ చేతిలో 24–10తో ఆ జట్టు ఓడింది. మధ్యలో 2008లో ప్రపంచ కప్ గెలిచిన న్యూజీలాండ్ జట్టుకు అతడు ఫుల్‌బ్యాక్. 2012లో ఇంగ్లాండ్‌లోని సెయింట్ హెలెన్స్ క్లబ్బుకు మారి, 2014లో అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్ విజేత పతకం అందుకుని, తలకు తగిలిన దెబ్బల ప్రభావం కారణంగా 2015లో ఆట మానుకున్నాడు. ఒక సేవలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడటానికి ఇంతకంటే తగిన వృత్తి జీవితం దొరకదు.

ఇక సేవ విషయానికి వస్తాను. తెర తెరవగానే వెతికే గడి కనిపిస్తుంది, అందులో ఆటగాడి పేరు రాస్తే అతడి పుట వస్తుంది. హోహాయా పుటలో పేరు కింద స్థానం అన్న చోట ‘హుకర్’ అని ఒక్క మాట ఉంది. అది అబద్ధం కాదు, కాని దాని ఫలితం చెడ్డది. స్థానాన్ని బట్టి ఆటలను వడగట్టే సౌకర్యం ఈ సేవ ప్రత్యేకంగా చెప్పుకునే గుణాల్లో ఒకటి, ఆ జల్లెడ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి పనిచేస్తుంది. ఫుల్‌బ్యాక్‌ల ఆటలు కావాలని అడిగితే హోహాయా పేరే రాదు. న్యూజీలాండ్‌కు ప్రపంచ కప్ తెచ్చిన రోజున ఫుల్‌బ్యాక్‌గా ఆడినవాడు ఫుల్‌బ్యాక్‌ల జాబితాలో లేడు. ఇది ఇతడొక్కడికే జరిగిన అన్యాయమా అని బ్రిస్బేన్ బ్రాంకోస్ ఆటగాడు షాన్ బెరిగన్ పుట కూడా చూశాను. 2006 గ్రాండ్ ఫైనల్‌లో మెల్‌బోర్న్‌ను బ్రిస్బేన్ 15–8తో ఓడించినప్పుడు హుకర్‌గా ఆడి, ఆ రోజు ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ పతకం గెలిచిన మనిషి అతడు. అతడి పుటలో స్థానం ‘సెంటర్’ అని ఉంది. ఒక మనిషికి ఒకే గడి కేటాయించిన పట్టిక ఎవరో తయారుచేశారు, అనేక పనులు చేసినవారందరూ ఆ గడిలో ఇరుక్కుపోయారు. ఆట వారీగా ఏ స్థానంలో ఆడాడో జట్టు పట్టికల్లో నమోదై ఉన్న సమాచారమే గనుక, దీన్ని సరిచేయడం పెద్ద పని కాదు.

అయితే దీనికి ఒక దారి ఉంది, చందాదారులందరికీ పనికొస్తుంది గనుక చెబుతాను. ఎన్‌ఆర్‌ఎల్‌లో చొక్కా మీది అంకె స్థానాన్ని తెలుపుతుంది. ఒకటి ఫుల్‌బ్యాక్‌ది, రెండు, ఐదు వింగర్లవి, మూడు, నాలుగు సెంటర్లవి, ఆరు, ఏడు హాఫ్‌లవి (స్టాండ్‌ఆఫ్, హాఫ్‌బ్యాక్), తొమ్మిది హుకర్‌ది, హోహాయా కాలంలో పద్నాలుగు మొదలు పదిహేడు వరకు బెంచీ మీద ఉండేవారివి. ప్రతి ఆట పేజీలోనూ ఆట మొదలయ్యే ముందు తీసిన జట్టు వరుస బొమ్మ ఒకటి చిన్నగా పెట్టారు, దాన్ని పెద్దది చేసి చూడవచ్చు. వారియర్స్ ఆటలను సీజన్ వారీగా తెరిచి ఈ బొమ్మలను మాత్రమే చూసుకుంటూ పోతే, ఒకే మనిషి వీపు మీద అంకెలు మారుతూ రావడం కనిపిస్తుంది. పుటలోని ఒంటరి మాట దాచిపెట్టిన సంగతి ఈ అంకెలు చెబుతాయి. ఈ బొమ్మలు తెరుచుకునే వేగం మెచ్చుకోదగినది. ఒక సీజన్ మొత్తాన్ని విసుగు లేకుండా తిప్పగలిగాను.

ఇంగ్లాండ్ సీజన్లకు ఈ దారి పనిచేయదు. అతడు ఆడిన కాలంలో సూపర్ లీగ్ ఆటగాళ్ళకు ఏడాది మొత్తానికీ ఒకే అంకె ఇచ్చేవారు, ఆ రోజు ఏ స్థానంలో ఆడినా చొక్కా మారదు. అంటే యుటిలిటీని గుర్తించడానికి ఆ సీజన్లలో ఆటను చూడటం తప్ప వేరే మార్గం లేదు. ఈ సేవ బలహీనపడేది కూడా సరిగ్గా అక్కడే, ఆ సంగతి కొంచెం తరువాత రాస్తాను.

ముందు దీని అసలు బలం చెప్పాలి. ప్రతి పెద్ద పోటీకీ ఇక్కడ రెండు రూపాలు ఉన్నాయి, ఒకటి కొద్ది నిమిషాల సంక్షిప్త రూపం, మరొకటి పూర్తి ఆట. 2008 నవంబరు 22న బ్రిస్బేన్‌లోని సన్‌కార్ప్ స్టేడియంలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను రెండు రూపాల్లోనూ చూడవలసిందిగా కోరుతాను. 1972 తరువాత ప్రపంచ కప్ ఫైనల్‌లో ఓటమి ఎరుగని ఆస్ట్రేలియా, పైగా అదే పోటీలో న్యూజీలాండ్‌ను తొలి ఆటలో 30–6తో చిత్తుచేసిన ఆస్ట్రేలియా, సొంత గడ్డ మీద 34–20తో ఓడిపోయిన రాత్రి అది. స్టీఫెన్ కియర్నీ ఆ న్యూజీలాండ్ జట్టుకు శిక్షకుడు, ఆస్ట్రేలియాకే చెందిన వేన్ బెన్నెట్ అతడికి సలహాదారు.

సంక్షిప్త రూపంలో హోహాయా రెండుసార్లు కనిపిస్తాడు, ఎందుకంటే అతడు రెండు ట్రైలు చేశాడు. రెండోది పెనాల్టీ ట్రై. గోల్ గీత దాటి దొర్లుతున్న బంతి కోసం అతడు పరుగెత్తుతుండగా, చేతిలో బంతి లేని అతడిని ఆస్ట్రేలియా ఆటగాడు జోయెల్ మొనహన్ పట్టి ఆపాడు, వీడియో రెఫరీ దాన్ని ట్రైగా ప్రకటించాడు. పెనాల్టీ ట్రై ఇచ్చినప్పుడు కన్వర్షన్‌ను గోల్ స్తంభాల ఎదురుగా తీసుకునే వీలుంటుంది కాబట్టి ఆరు పాయింట్లు దాదాపు చేతికి అందినట్టే. సంక్షిప్త రూపంలో ఆ నిర్ణయాన్ని, ఆటగాళ్ళ సంబరాన్ని చూపించి ముగించారు. ఆస్ట్రేలియా ఆటగాడు బిల్లీ స్లేటర్ పక్క గీత దగ్గర నుంచి లోపలికి విసిరిన బంతి న్యూజీలాండ్ ఆటగాడు బెంజీ మార్షల్ చేతిలో పడి ట్రైగా మారిన ఘట్టానికీ చోటిచ్చారు. చూసేవారికి అదృష్టం న్యూజీలాండ్ వైపు ఉన్నదన్న అభిప్రాయం కలిగితే వారిని తప్పుపట్టలేము.

పూర్తి ఆట వేరే కథ చెబుతుంది. ఆస్ట్రేలియా చేతిలో బంతి ఉన్నంతసేపూ న్యూజీలాండ్ రక్షణ వరుస వెనక నడుస్తున్న ఆ పొట్టి ఆకారాన్ని గమనించండి. ఆస్ట్రేలియా ఏ వైపు ఎక్కువ మందిని నిలుపుతోందో చూసి, ఆ వైపునకు తనవాళ్ళను చేతులతో, కేకలతో తోలుతూ, ఐదో టాకిల్ వచ్చేసరికి తన్నబోయేవాడి భుజం వంపును బట్టి ఎటు జరగాలో నిర్ణయించుకుంటూ ఉండటం ఫుల్‌బ్యాక్ పని. ఆ పని ఎక్కువ భాగం బంతికి దూరంగానే జరుగుతుంది. అయితే ఈ మనిషి ఎన్నో ఆటలు ఆ వరుస లోపలి నుంచే ఆడాడు. హుకర్‌గా డమ్మీ హాఫ్ దగ్గర వంగిన అనుభవం ఉన్నవాడికి, ఎదుటి హుకర్ బంతి ఎత్తే ముందు తల ఎటు తిప్పుతాడో తెలుస్తుంది. హాఫ్‌గా ఆడినవాడికి ఎదుటి హాఫ్ తన్నడానికి ఎప్పుడు వెనక్కి జారుతాడో తెలుస్తుంది. పెనాల్టీ ట్రై అదృష్టం కాదని నేను గట్టిగా అనేది అందుకే. ఫుల్‌బ్యాక్ చొక్కా వేసుకున్నవాడు ఎదుటి గోల్ గీత దగ్గర దొర్లే బంతి వెనక ఉండటం, తన స్థానాన్ని దాటి ఆలోచించే అలవాటు ఉన్న ఆటగాడికే సాధ్యమవుతుంది. పూర్తి ఆటను దాచి ఉంచినందుకు, ఎక్కడా కత్తిరించకుండా స్క్రమ్‌ల (ఆటను తిరిగి మొదలుపెట్టడానికి రెండు జట్లవారు భుజాలు కలిపి కట్టే గుంపులు) దగ్గరి నిరీక్షణలతో సహా ఉంచినందుకు ఈ సేవకు నా మొదటి కృతజ్ఞత.

ఇదే చోట ఒక పరిమితి కూడా ఉంది. టెలివిజన్ కెమెరా బంతినే వెంటాడుతుంది గనుక ఫుల్‌బ్యాక్ సగం సేపు చట్రానికి బయటే ఉంటాడు. గోల్ స్తంభాల వెనక ఎత్తున పెట్టిన కెమెరా నుంచి మైదానమంతా కనిపించే దృశ్యం ఈ సేవలో ఇటీవలి కొన్ని పోటీలకే దొరుకుతుంది, హోహాయా కాలానికి లేదు. ఆ రోజుల్లో అటువంటి చిత్రీకరణ ప్రసారం కోసం భద్రపరచలేదంటే అర్థం చేసుకోగలను. కాని ఆ దృశ్యం ఏ పోటీలకు ఉన్నదో ఆట తెరిచేదాకా తెలియకపోవడం మాత్రం బద్ధకం. జాబితాలోనే ఒక గుర్తు పెడితే సరిపోయేది.

వారియర్స్ ఆటల్లో అతడు హుకర్‌గా ఉన్న పోటీలకు ఈ సేవలోని నెమ్మది కదలిక సౌకర్యం ఎంతో ఉపకరించింది. బొమ్మను ఒక్కొక్క చట్రంగా ముందుకు, వెనక్కి జరపవచ్చు. అటువంటి ఒక దృశ్యాన్ని వర్ణిస్తాను. పట్టుబడిన ఆటగాడు మోకాళ్ళ మీద లేస్తున్నాడు, ఎదురుగా ఇద్దరు మార్కర్లు (అతడికి అడ్డంగా నిలిచే ఎదుటి జట్టువారు) ఒకరి వెనక ఒకరు నిలబడాలి, రెండోవాడు ఇంకా సర్దుకోలేదు. హోహాయా రెండు చేతులూ నేల వైపు చాపి వంగి ఉన్నాడు గాని అతడి చూపు బంతి మీద లేదు, ఆ రెండో మార్కర్ పాదాల మీద ఉంది. బంతి దొర్లి రాగానే దాన్ని ఎత్తుతూనే ఒక అడుగు పక్కకు వేశాడు, మార్కర్ బరువు అటు ఒరిగింది, అంతే, ఇటువైపు సందులోంచి దూరిపోయాడు. మామూలు వేగంలో ఇది కంటికి ఆనదు, వ్యాఖ్యాత కూడా పరుగు మొదలయ్యాకే అతడి పేరు ఎత్తుతాడు. ఈ అడుగు హాఫ్‌లు వేసే అడుగు. బంతిని వెంటనే పక్కవాడికి అందించడంతో సరిపెట్టుకునే హుకర్లకు అది ఉండదు. ఒక స్థానంలో నేర్చిన విద్యను ఇంకో స్థానంలో ఖర్చుపెట్టడమంటే ఏమిటో చూడాలనుకునేవారికి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా చందా కట్టవచ్చు.

బెంచీ నుంచి వచ్చి ఆడిన ఆటల విషయంలో మాత్రం సేవ బాగా నిరాశపరిచింది. యుటిలిటీకి ఎంతో విలువ తెచ్చిపెట్టినవి మార్పిడుల నిబంధనలే. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఒక ఆటకు పన్నెండు మార్పిడులు ఉన్న కాలంలో అతడు ఆట మొదలుపెట్టాడు, 2008లో అవి పదికి తగ్గాయి, అతడు వెళ్ళిపోయిన తరువాత 2016లో ఎనిమిదికి తగ్గాయి. మార్పిడులు తగ్గేకొద్దీ, ఒక్క మనిషితో మూడు నాలుగు స్థానాల గాయాలకు బీమా చేసుకోవడం శిక్షకుడికి మరింత అవసరమవుతుంది. పద్నాలుగో చొక్కా వేసుకున్నవాడు ఎన్నో నిమిషంలో, ఎవరి బదులు, ఏ స్థానంలోకి వచ్చాడో తెలియకపోతే అతడి ఆట గురించి ఏమీ తెలియనట్టే. ఈ సేవలో ట్రైలకు, గోల్స్‌కు, కార్డులకు కాలరేఖ మీద గుర్తులు ఉన్నాయి, నొక్కితే నేరుగా ఆ ఘట్టానికి వెళ్ళవచ్చు. మార్పిడులకు గుర్తు లేదు. పక్క గీత దగ్గర అధికారి మార్పిడి పలకను ఎత్తే దృశ్యం కోసం ఆటంతా వేళ్ళతో జరుపుకుంటూ వెతకవలసి వచ్చింది, కొన్నిసార్లు కెమెరా అటు తిరగనే లేదు. ఇది సహాయ విభాగానికి రాసి పంపాను. మర్యాదగా, త్వరగానే సమాధానం వచ్చింది గాని అందులో మార్పు గురించి హామీ లేదు.

ఇంగ్లాండ్ సీజన్ల దగ్గర అసలు బాధ మొదలవుతుంది. ప్రసార హక్కులు ఏ దేశపు లీగ్‌వి ఆ లీగ్ చేతిలో ఉంటాయి కాబట్టి, రెండు అర్ధగోళాల్లో ఆడినవాడి జీవితం రెండు సేవల మధ్య చీలిపోవడం సహజం. ఈ సేవలో న్యూజీలాండ్ క్లబ్బు ఆటలు, అంతర్జాతీయ ఆటలు సమృద్ధిగా ఉన్నాయి. సూపర్ లీగ్ నుంచి గ్రాండ్ ఫైనల్స్ తప్ప ఏమీ లేవు. అందువల్ల 2012 మొదలు 2015 దాకా సెయింట్ హెలెన్స్‌లో హోహాయా చేసిన పని మొత్తం ఇక్కడ ఒకే ఒక్క ఆటగా మిగిలింది, అది 2014 అక్టోబరు 11న మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో విగన్‌తో జరిగిన ఫైనల్.

ఆ ఆట తెలిసినవారికి నా బాధ ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆట మొదలైన రెండో నిమిషంలో విగన్ ఆటగాడు బెన్ ఫ్లవర్ హోహాయాను పిడికిలితో కొట్టాడు, కింద పడి ఉన్నవాడిని మరోసారి కొట్టాడు. రెఫరీ ఫ్లవర్‌ను మైదానం నుంచి పంపేశాడు. సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్‌లో ఎర్ర కార్డు చూసిన తొలి ఆటగాడు అతడే, తరువాత ఆరు నెలల నిషేధం పడింది. హోహాయా మళ్ళీ ఆటలోకి రాలేదు. మిగిలిన ఆటను సెయింట్ హెలెన్స్ 14–6తో గెలిచింది. సియా సొలియోలా, టామీ మాకిన్సన్ ట్రైలు చేశారు, హుకర్ జేమ్స్ రోబీ ఉత్తమ ఆటగాడిగా హ్యారీ సండర్లాండ్ ట్రోఫీ అందుకున్నాడు. 2007 నుంచి 2011 వరకు వరుసగా ఐదు ఫైనల్స్ ఓడిన క్లబ్బుకు 2006 తరువాత దక్కిన తొలి విజయం అది.

ఇప్పుడు సేవ దీన్ని ఎలా చూపుతోందో గమనించండి. హోహాయా పేరు వెతికితే అన్నిటికంటే పైన వచ్చే దృశ్యం ఆ దెబ్బ. దాని ముఖచిత్రం కింద పడి ఉన్న మనిషి. నొక్కకపోయినా, వేలు దాని మీద ఆగితే చాలు, శబ్దం లేకుండా దానంతట అది ఆడటం మొదలవుతుంది. ప్రపంచ కప్ ఫైనల్ ఆ తరువాత, కొన్ని వరుసల కింద ఉంది. పదమూడేళ్ళకు పైబడిన వృత్తి జీవితంలో తాను చేయని పనితో, తనకు జరిగిన హానితో ఒక ఆటగాడిని పరిచయం చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఎక్కువ మంది చూసినదాన్ని పైకి తెచ్చే లెక్క ఏదో దీని వెనక ఉండవచ్చు. కాని ఆ దెబ్బ తరువాతి ఏడాదే తలగాయాల ప్రభావంతో ఆట మానుకోవలసి వచ్చిన మనిషి విషయంలో, ఎవరైనా ఒకరు కూర్చుని ఈ వరుసను చేతితో మార్చి ఉండవలసింది. ఈ ఒక్క సంగతి మీద నేను గట్టిగా ఫిర్యాదు రాశాను. దానంతట అది ఆడే సౌకర్యాన్ని అమరికల్లో ఆపుకోవచ్చని చెప్పారు. నిజమే, ఆపుకోవచ్చు, చందా కట్టగానే ముందుగా ఆ పని చేయమని అందరికీ చెబుతాను. ముఖచిత్రం మాత్రం ఈ సమీక్ష రాసే నాటికీ మారలేదు.

దీనికి మందు కూడా పూర్తి సీజనే. ఫైనల్ వరకు ఆ జట్టు ఎలా వచ్చిందో, హాఫ్‌లు గాయాలతో దూరమైనప్పుడు ఆ ఖాళీని ఎవరు పూరించారో లీగ్ ఆటలు చూస్తే తెలుస్తుంది. ఫైనల్‌లో అతడు హాఫ్ స్థానంలో ఎందుకు ఉన్నాడన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంటుంది. ఆ ఆటలు లేకుండా ఫైనల్ ఒక్కటే ఉంచితే, రెండో నిమిషంలో బయటికి వెళ్ళిపోయిన ఒక పేరు తప్ప చూసేవారికి ఏమీ మిగలదు.

బొమ్మ నాణ్యత గురించి క్లుప్తంగా చెబుతాను. 2008 నుంచి ఇటువైపు ఆటలు పెద్ద తెర మీద కూడా తేటగా ఉన్నాయి. 2002, 2003 నాటివి కొంత మసకగా ఉంటాయి, చొక్కా మీది అంకెను దూరపు దృశ్యాల్లో పోల్చుకోవడం కష్టం. శబ్దం అన్నిటిలోనూ బాగుంది. మైదానం శబ్దాన్ని మాత్రమే ఉంచి వ్యాఖ్యానాన్ని ఆపే వీలు కొన్ని ఆటలకు ఉంది. ఫుల్‌బ్యాక్ కేకలు లీలగా వినిపించేది అప్పుడే కాబట్టి ఆ ఆటలను నేను అలాగే చూస్తాను. తెర కింద వచ్చే అక్షరాలు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి, అవి యంత్రం రాసినవి. మావోరీ, పసిఫిక్ దీవుల పేర్లను అవి ఒక్కసారీ సరిగ్గా రాయవు, హోహాయా పేరు ఒకే ఆటలో మూడు నాలుగు రకాలుగా మారిపోతుంది. జట్టులో అటువంటి పేర్లు ఇంతమందికి ఉండే ఆటకు ఇది చిన్న లోపం కాదు.

దించుకుని తరువాత చూసే సౌకర్యం ఫోనులో ఉంది, కంప్యూటర్‌లో లేదు. ఆగిన చోటును గుర్తుపెట్టుకోవడం, ఒక పరికరంలో ఆపి ఇంకో పరికరంలో కొనసాగించడం ఎప్పుడూ తప్పలేదు. నెల చందాను మధ్యలో ఆపడానికి ఎవరికీ ఉత్తరం రాయనవసరం లేదు, ఖాతా పేజీలోనే రద్దు చేయవచ్చు.

మరొక మాట క్రెయిగ్ వింగ్ గురించి. సౌత్ సిడ్నీలో మొదలై, 2002లో సిడ్నీ రూస్టర్స్‌తో వారియర్స్‌నే ఓడించి టైటిల్ గెలిచి, హాఫ్‌గా, హుకర్‌గా ఆడి, తరువాత జపాన్ వెళ్ళి అక్కడ రగ్బీ యూనియన్‌లో జాతీయ జట్టు వరకు చేరినవాడు అతడు. అతడి పుటను కూడా తెరిచాను, రగ్బీ లీగ్ భాగం వరకు చక్కగా ఉంది. యూనియన్ భాగం ఈ సేవ పరిధి కాదు గనుక దాన్ని లోపంగా లెక్కించను. కాని ఆటగాడి పరిచయ వాక్యాల్లోనైనా ఆ సంగతి ఒక వరుస రాసి ఉంటే, చూసేవారు మిగతా సగం ఎక్కడ వెతకాలో తెలుసుకునేవారు.

సంక్షిప్త రూపాల కోసం మాత్రమే చూసేవారు ఈ చందా కట్టనవసరం లేదు, అవి ఉచితంగా వేరేచోట్ల దొరుకుతాయి. ఆటను నేర్చుకోవాలనుకునేవారు, ముఖ్యంగా ఒకటికి మించిన స్థానాల్లో ఆడే యువ ఆటగాళ్ళు, వారికి నేర్పే శిక్షకులు ముందుగా ఒక నెలకు కట్టి చూడవచ్చు. 2008 ప్రపంచ కప్‌లో న్యూజీలాండ్ ఆడిన ఆటలన్నీ, ఆస్ట్రేలియా చేతిలో ఓడిన తొలి ఆటతో సహా, వరుసగా చూడండి. ఆ తరువాత 2006 ఎన్‌ఆర్‌ఎల్ గ్రాండ్ ఫైనల్‌లో బెరిగన్‌ను చూడండి. వారియర్స్ 2011 సీజన్‌ను జట్టు వరుస బొమ్మలతో సహా తిప్పండి, బెరిగన్ ఆ ఏడాది వారియర్స్‌లోనే ఉన్నాడు గనుక ఇద్దరు యుటిలిటీలను ఒకే జట్టులో పోల్చుకునే అవకాశం కూడా దొరుకుతుంది. నేను ఏడాది చందాకు మారాను. పూర్తి ఆటలకు, చట్రం వారీగా కదిలించే సౌకర్యానికి ఐదు నక్షత్రాలూ ఇవ్వగలను, వెతికే పద్ధతికి రెండు మించి ఇవ్వలేను. అంతా కలిపి ఐదింటికి మూడున్నర, మార్పిడుల గుర్తులు వచ్చి, ఆ ముఖచిత్రం మారిన రోజున నాలుగున్నర.